ఉప్పుగట్టులో మనసు వాక్యాలు

నమోదు 1

లాంచీ నన్ను ఉప్పుగట్టు దగ్గర దింపేసరికి పదిన్నర అయింది. చూడటానికి వచ్చినవాళ్లందరూ నాకంటే నా చేతిలోని పెట్టెనే ఎక్కువ చూశారు. అందులో తొమ్మిది బిళ్ళలున్నాయి. ఒక్కొక్కటీ గవ్వంత ఉంటుంది. దానికో తాడు. ఎదుగుదల ఆలస్యమైన పిల్లలు ఈ గట్టు మీద తొమ్మిది మంది. తలా ఒకటి మెడలో వేయడం నా మొదటి పని.

మధ్యాహ్నం పీతలు పెంచే ఒక పాకలో తల్లులందరినీ కూర్చోబెట్టి శిక్షణలో నేర్పినట్టే చెప్పాను. ఇలాంటి పిల్లలతో పెద్దవాళ్లు ఎక్కువగా "రా, కూర్చో, తిను, ముట్టుకోకు" అనే మాట్లాడతారని, ఆలోచనల గురించి, మనసు గురించి మాట్లాడటం తక్కువని, అవి వినని పిల్లలకు ఎదుటివాళ్ల మనసు అర్థం కావడం కష్టమవుతుందని చెప్పాను. ఇది నిజం. నేను చదివాను. అందుకే మనోభాష శాఖ రోజుకు వంద మనసు వాక్యాలు నిర్ణయించింది. "నీకు భయం వేసిందా?" అనేది మనసు వాక్యం. "అన్నం తిను" అనేది కాదు. బిళ్ళ వింటుంది, లెక్కపెడుతుంది.

"వందేనాండీ?" అంది ముందు వరసలో కూర్చున్న అప్పలనర్సమ్మ. "మా ఆయన్ని పొద్దున్నే రెండొందలు తిడతానండి."

"తిట్లు లెక్కలోకి రావమ్మా."

"కోపంతోనే కదండీ తిడతాను. కోపం మనసులోది కాదాండి?"

అడిగి తెలుసుకోవాలని రాసుకున్నాను.

చివరి నిబంధన చివర్లోనే చెప్పమన్నారు, అలాగే చెప్పాను. తొంభై రోజుల సగటు ఇరవైకి తగ్గితే పిల్లను కొండ మీది వాక్ నిలయానికి మారుస్తారు. మూడేళ్లు. అక్కడి శిక్షకులు గంటకు రెండు వందల మనసు వాక్యాలు చెబుతారు. రెండు నెలలకొకసారి తల్లి వెళ్లి చూడవచ్చు.

తల్లులందరూ పెట్టె వైపు చూశారు. నర్సమ్మ కూడా.

శాఖకు నేను పంపేది నెలకొక నివేదిక. ఈ పుస్తకం నా దగ్గరే ఉంటుంది. మా ఇంట్లో చదవడం వచ్చినది నేనొక్కదాన్నే కాబట్టి, మా ఇంట్లో ఎవరూ దీన్ని చదవరు. శాఖలో ఎవరూ అడగరు.

నమోదు 5

మొదటి నాలుగు రోజుల లెక్కలు, ఇంటికి సగటున: పదకొండు, తొమ్మిది, పద్నాలుగు, ఆరు. పిల్లవాడి భుజం పట్టుకుని ఒక తండ్రి, "ఒరే, నీకు ఆనందంగా ఉంది కదా? ఉందని సెప్పరా, బిళ్ళ ఇంటంది," అని అరుస్తున్నాడు. పిల్లవాడు ఏడుస్తున్నాడు. బిళ్ళ లెక్కలో ఒకటి వేసుకుంది.

లోవమ్మ అనే తల్లి ఖాతాలో మాత్రం నాలుగు రోజులూ సున్నా. ఏం జరుగుతోందో చూద్దామని ఆమె పాకకు వెళ్లాను.

లోవమ్మది మెత్త పీతల పని. పాక నీళ్ల మీద, వెదురు గుంజల మీద నిలబడి ఉంటుంది. నేల పలకల సందుల్లోంచి కింద నీళ్లు కనబడుతుంటాయి. ఒక్కో పెట్టెలో ఒక్కో పీత. అది పాత డొప్ప వదిలిన రెండు మూడు గంటల్లోనే తీయాలి. ఆలస్యమైతే కొత్త డొప్ప గట్టిపడిపోతుంది, పీత పనికిరాదు. తల్లీకూతుళ్లిద్దరూ రోజంతా పెట్టెల మూతలు తీసి చూస్తూ ఉంటారు. కూతురు నూకాలుకు పదకొండేళ్లు. వచ్చిన మాటలు ముప్పై ఉంటాయేమో.

"ఇదిగో ఈడు మూడ్రోజుల్నించీ మేత ముట్టలేదు," అంది లోవమ్మ ఒక మూత ఎత్తి. "ఎందుకంటావే?"

ఆ తర్వాత ఆమె ఇంకేమీ అనలేదు. మూత పట్టుకుని అలాగే నిలబడింది. నూకాలు పీతను చూస్తోంది. నేను గడియారం చూశాను. యాభై రెండు సెకన్లు.

"బిగుతు," అంది నూకాలు.

"ఆఁ. సొక్కా బిగుతైపోయింది ఈడికి. మరిప్పుడేం సేత్తాడు?"

ఈసారి ఇంకా ఎక్కువ సేపు పట్టింది. "దాక్కుంటాడు."

"ఎందుకో?"

లోవమ్మ ఆగింది. కింద ఒక చేప గుంజకు తగిలి వెళ్లింది. నూకాలు రెండు చేతులూ చొక్కాలోకి లాక్కుని, "బయం," అంది.

బిళ్ళ చూశాను. సున్నా. కారణం కూడా రాసింది: విషయం మనుషుల గురించి కాదు. తొమ్మిది సెకన్లకు మించిన నిశ్శబ్దం, సంభాషణ ముగిసినట్టు.

లోవమ్మకు వివరించాను. "పీత గురించి కాదమ్మా, పాప గురించి అడగాలి. తొమ్మిది సెకన్లలోపు మళ్లీ మీరే ఏదో ఒకటి అనాలి. పాప జవాబు చెప్పనక్కర్లేదు."

"సెప్పక్కర్లేదాండి?"

"పిల్లల జవాబులు లెక్కలోకి రావు. మీరు చెప్పేవే వస్తాయి."

"మరి అడగటం దేనికండి?"

ఎలా చెయ్యాలో చూపిస్తానని నూకాలు ముందు కూర్చున్నాను. "నూకాలూ, నీకిప్పుడు ఎలా అనిపిస్తోంది? సంతోషంగా ఉందా? బాధగా ఉందా? అమ్మ ఏమనుకుంటోంది? నేను ఏమనుకుంటున్నాను?" ఐదు నిమిషాలు ఆపకుండా అడిగాను. ఆ పాప అరచేత్తో బిళ్ళను మూసేసింది. అయినా పద్నాలుగు పడ్డాయి. నేను నమోదుదారును, నా గొంతు బిళ్ళకు తెలుసు కాబట్టి నా మాటలు వేరే గడిలో పడతాయి, కుటుంబం లెక్కకు రావు. ఆ పద్నాలుగు చూసి నాకు సంతోషం వేసిందని ఒప్పుకోవాలి.

నమోదు 22

ఉప్పుగట్టు మారిపోయింది. పది రోజులుగా ఎనిమిది ఇళ్లలో రోజూ వంద దాటుతున్నాయి. నూట మూడు, నూట ఒకటి, నూట అయిదు. శాఖ నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. తీరంలో ఇదే ఆదర్శ ఆవాసమట. నా పేరు 'కుమారి మేడిద సువార్త' అని తప్పు లేకుండా రాశారు.

నాన్నకు వార్త పంపాను. మా వీధిలో అందరికీ, "మా అమ్మాయి మాటలు లెక్కపెట్టే ఆఫీసరు," అని చెబుతున్నాడట.

లోవమ్మ లెక్క మాత్రం ఇంకా సున్నాయే.

నమోదు 31

ఇవాళ పొద్దున ఎవరికీ చెప్పకుండా నర్సమ్మ ఇంటికి వెళ్లాను. ఆదర్శ తల్లి మాట్లాడే పద్ధతి రాసుకుని మిగతా ఆవాసాలకు పంపాలని నా ఆలోచన.

వాకిట్లో దండెం మీద ఎనిమిది బిళ్ళలు వరసగా వేలాడుతున్నాయి. ఎదురుగా నర్సమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, కళ్లు మూసుకుని చెబుతోంది:

"నీకు బాదగా ఉందా నాన్నా? నాకూ బాదగానే ఉంది. మీ నానమ్మకీ బాదగానే ఉంది. అందరం బాదపడతన్నాం. పోన్లే, ఇప్పుడు సంతోసపడదాం. నీకు సంతోసంగా ఉందా? నాకూ సంతోసంగానే..." కన్ను తెరిచి నన్ను చూసింది. "వచ్చారా? కూకోండి. తొంబై రెండయ్యాయి, ఇంకో ఎనిమిది సెప్పేసి టీ పెడతాను."

బిళ్ళ వినేది తల్లి గొంతొక్కటే కాదు. మన ఇళ్లలో నాయనమ్మలు, మేనత్తలు, పెద్దమ్మలు ఉంటారు కదా, ఎవరు మాట్లాడినా చెల్లాలని శాఖవారే అలా చేయించారు. నర్సమ్మ ఎనిమిది ఇళ్లకూ మేనత్త అయిపోయింది.

"ఇది మోసం కదమ్మా," అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "మోసమేంటండీ? గట్టు మీద పనంతా ఇలాగే కదా. మంచినీళ్లు ఆ చివరింటోళ్లు తెత్తారు. వలలు మా ఆడబిడ్డ కుడతాది. నాకు మాటలొచ్చు. మాటలు నేను సెప్తన్నాను. నా పెట్టెలు ఆళ్ళు కడుగుతున్నారు. ఎవరికొచ్చిన పని ఆళ్ళు సేత్తే తొందరగా అవుద్ది."

"ఇది పని కాదమ్మా."

"వంద లెక్కెట్టి, తగ్గితే పిల్లని పట్టుకెల్తామంటే, పని కాక మరేంటండి?"

మిగతా ఎనిమిదీ చెప్పేసి ఆమె టీ పెట్టింది.

కాస్త దూరంలో నర్సమ్మ కూతురు మాణిక్యం ముగ్గు గీతల మీద నడుస్తోంది. ఎనిమిదేళ్ల పిల్ల. మాటలు బాగానే వచ్చు, కానీ ఎవరితోనూ మాట్లాడదు. లాంచీ వేళలు ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ తిరుగుతుంది. ఏడుంబావు, పదిన్నర, రెండు ఇరవై. తల్లి రోజూ చెప్పే వంద మనసు వాక్యాలు ఎనిమిది బిళ్ళల్లో ఎనిమిది వందలవుతున్నాయి. ఒక్కటీ ఆ పిల్లకు చెప్పడం లేదు. ఆ పిల్ల బిళ్ళ కూడా దండెం మీదే ఉంది.

"మరి లోవమ్మ బిళ్ళ?"

"నూకాలు ఇవ్వదండి. దానిమీద పేణం పెట్టేసుకుంది. తియ్యబోతే ఇదిగో, కరిసేసింది." చెయ్యి చూపించింది. పళ్ల గాట్లు ఇంకా కనబడుతున్నాయి.

తిరిగొస్తూ ఆలోచించాను. ఉప్పుగట్టులో ఉన్న తొమ్మిది లెక్కల్లో ఎనిమిది అబద్ధం. నిజమైన లెక్క ఒక్కటే. అది సున్నా.

నమోదు 58

నెల రోజులుగా ఏం చెయ్యాలో తేలడం లేదు. నర్సమ్మ సంగతి రాస్తే తొమ్మిది మంది పిల్లలు వెళ్తారు. రాయకపోతే ఒక్కరు. ఆ ఒక్కరు, గట్టు మొత్తం మీద తల్లి నిజంగా మాట్లాడే పిల్ల. మొదటి రెండు నివేదికల్లోనూ లెక్కలు మాత్రం పంపాను. వాటి కింద 'తృప్తికరం' అని రాయాలి. రాశాను.

శిక్షణలో ఇచ్చిన కార్డు మీది వాక్యాలు చదివి వినిపించి, లోవమ్మతో వల్లె వేయించాను. ఆమె బాగానే నేర్చుకుంది. ఇవాళ నూకాలు ఎదురుగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టింది: "నూకాలూ, నీకు బాదగా ఉన్నదా. నీవు ఏమి అనుకుంటున్నావు."

నూకాలు తల్లిని కింది నుంచి పైదాకా చూసింది. లేచి పెట్టెల వెనక్కి వెళ్లి దాక్కుంది. పిలిచినా రాలేదు.

"ఇలా మాట్టాడితే నేనెవురో అనుకుంటందండి," అంది లోవమ్మ.

చాలాసేపు పెట్టెల వైపే చూసి, నన్ను అడిగింది. "కొండ మీద పీతలుంటాయాండి?"

"ఉండవమ్మా."

"మరి దాంతో ఏం మాట్టాడతారు?"

మా ఇంట్లో కూడా ఎవరూ ఎవరితోనూ 'నాకు బాధగా ఉంది' అనలేదు. నేను మొదటిసారి బడికి వెళ్లి వచ్చిన రోజు అమ్మ, "గేదె పొద్దుట్నుంచీ గుమ్మం కేసే సూత్తంది," అంది. నేను గేదె దగ్గరకు వెళ్లి దాని మెడ నిమిరాను. శిక్షణలో నేను రాసిన వ్యాసం ప్రకారం మా అమ్మ మనసు వాక్యాలు లేని తల్లి. ఆ వ్యాసానికి నాకు మొదటి బహుమతి వచ్చింది.

నమోదు 76

బిళ్ళ పట్టుకోలేని విషయాలను నమోదుదారు చేత్తో రాసి పంపవచ్చని నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. శిక్షణలో మా మేడమ్ అది చదివి, "బిళ్ళ పట్టుకోలేనిదంటూ ఏమీ ఉండదు, అయినా రాసుకోండి," అన్నారు. పది రోజులు లోవమ్మ పాకలో కూర్చుని, తల్లీకూతుళ్ల మాటలన్నీ సెకన్లతో సహా రాసి పంపాను. నలభై పేజీలయ్యాయి. ఒక్కో పేజీలో నాలుగైదు మాటలే. మిగతాదంతా అంకెలు. లోవమ్మ: ఈడికి ఎవులంటే కోపం? నలభై ఎనిమిది సెకన్లు. నూకాలు: పక్కోడు.

శాఖ నుంచి ఇవాళ జవాబు వచ్చింది. పేజీలు ఎక్కువ భాగం ఖాళీగా ఉన్నందున పరిగణించలేమని తిప్పి పంపారు. అయితే తొంభయ్యో రోజున పరిశీలకులు స్వయంగా వచ్చి పాపను పరీక్షిస్తారట. నిలయం లాంచీ కూడా అదే రోజున వస్తుందట. ప్రయాణం కలిసొస్తుందని.

లోవమ్మకు చదివి వినిపించాను. సాయంత్రానికి ఆమె నూకాలు బట్టలన్నీ ఉతికి దండెం మీద వేసింది.

నమోదు 90

పరిశీలకులు ధనుంజయరావుగారు పదిన్నరకు దిగారు. యాభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా. పాకలోకి వస్తూనే మధ్య గుంజను ఎడమ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. కూర్చోమని పీట వేస్తే వద్దన్నారు. ఆఫీసర్లు అలాగే నిలబడతారు కాబోలు అనుకున్నాను.

గుమ్మంలో నర్సమ్మ, ఆమె వెనక మిగతా ఏడుగురు తల్లులు. వాళ్ల పిల్లల మెడల్లో ఇవాళ బిళ్ళలున్నాయి. నర్సమ్మ నోరు మూసుకుని ఉండటం మొదటిసారి చూశాను.

ఆయన కుడిచేత్తో ఒక బొమ్మ కార్డు తీశారు. అందులో ఒక పిల్లవాడు, విరిగిన బండి. "ఈ బాబు బండి విరిగిపోయింది. బాబుకు ఎలా ఉంది?"

నూకాలు కార్డు చూసింది. తర్వాత ఆయన్ని చూసింది.

తొమ్మిది సెకన్లకు ఆయన కార్డు లోపల పెట్టి రెండోది తీయబోయారు.

"సార్, ఆగండి," అన్నాను.

"ఎంతసేపమ్మా?"

"ఆ పాపకు పట్టినంతసేపు సార్."

నేను పై అధికారితో అలా మాట్లాడటం అదే మొదలు. ఆయనకు కోపం వచ్చే ఉంటుంది, కానీ ఆగారు. బయటినుంచి లాంచీ సరంగు కేకేశాడు. "సార్, పోటు తీసేత్తంది! ఇంకో పావుగంటుంటే లాంచీ ఇసకలో కూకుంటాదండి!"

నిమిషం నలభై సెకన్లు.

"బయం," అంది నూకాలు.

"తప్పు," అన్నారాయన, అంత కఠినంగా ఏమీ కాదు. "బండి విరిగితే బాధ." కాగితం మీద ఇంటూ మార్కు పెట్టారు.

లోవమ్మ ఆ కార్డు వైపు చూడనే లేదు. కూతురి పక్కన గొంతుక్కూర్చుంది. రోజూ పెట్టె మూత ఎత్తి అడిగే గొంతుతోనే అడిగింది.

"ఎవులికే బయం?"

సరంగు మళ్లీ కేకేశాడు. ఎవరూ పలకలేదు. నూకాలు లేచింది. నెమ్మదిగా నడిచి, గుంజను పట్టుకున్న ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది.

"ఈడికి."

"ఈడు కాదు, ఈయన," అంది లోవమ్మ. "ఎందుకో?"

అప్పుడు చూశాను, ఆ చేతి వేళ్ల కణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పాకలోకి వచ్చినప్పటి నుంచీ ఆయన ఆ గుంజను ఒక్క క్షణం కూడా వదల్లేదు.

నూకాలు పలకల సందులోకి చూపించింది. "నీళ్ళు."

ధనుంజయరావుగారు నూకాలు చేతి వైపు చూశారు. తొమ్మిది సెకన్లు దాటాయి. ముప్పై దాటాయి. నూకాలు చెయ్యి తీయలేదు. ఆ ఇంట్లో ఎదురుచూడటం అలవాటే కాబట్టి ఎవరికీ తొందర లేదు.

"నాకు ఎనిమిదేళ్లప్పుడు మా ఊరు మునిగిపోయింది," అన్నారాయన చివరికి. మాతో కాదు, నూకాలుతో. "నాకు ఇప్పటికీ భయమే."

టిక్కుమంది బిళ్ళ. పచ్చగా వెలిగింది. లోవమ్మ వల్లె వేసిన కార్డు వాక్యాలు పోను, నూకాలు బిళ్ళలో తొంభై రోజుల్లో కుటుంబం గడిలో పడిన మొదటి మనసు వాక్యం అది. కొత్త గొంతు కదా, మేనమామ అనుకుని ఉంటుంది బిళ్ళ.

"ఆ లెక్క తీసేయండి," అన్నారాయన.

"తీయడం కుదరదు సార్. శాఖవారే అలా చేశారు."

గుమ్మంలో నర్సమ్మకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన నా నలభై పేజీలు అడిగి తీసుకున్నారు. నిలబడే నాలుగైదు పేజీలు తిరగేశారు. తర్వాత కాగితం మీద రాశారు: 'బదిలీ రద్దు చేయడమైనది. కారణం: పరికర లోపం.' కింద సంతకం చేశారు. కాగితం కదలకుండా పట్టుకుని రాయడానికి గుంజ మీది చెయ్యి కూడా కావాల్సి వచ్చింది. అంతసేపూ నూకాలే ఆయన మోచెయ్యి పట్టుకుంది.

నిలయం లాంచీ నూకాలు లేకుండానే వెళ్లింది. లోవమ్మ ప్రయాణానికని మళ్లీ ఉతికిన నూకాలు బట్టలు దండెం మీంచి తీసి మడతపెట్టలేదు. అలాగే ముద్దగా తెచ్చి మూల పడేసి, పెట్టెల దగ్గరకు పరిగెత్తింది. ఈ గొడవలో రెండు పీతలు గట్టిపడిపోయాయి.

నమోదు 104

కొత్త సర్క్యులర్ వచ్చింది. ఉప్పుగట్టు అనుభవం ఆధారంగా ఇకపై వాక్యాలకు బదులు 'నిరీక్షణలు' లెక్కిస్తారు. తల్లి ప్రశ్న అడిగి కనీసం నలభై సెకన్లు మౌనంగా ఉండాలి. బిడ్డ ఎదురుగా ఉన్నట్టు బిళ్ళకు ఊపిరి వినబడాలి. రోజుకు నలభై. నా పేజీల్లో తల్లీకూతుళ్ల మాటలన్నీ వదిలేసి అంకెలు మాత్రం తీసుకున్నారు.

గట్టు మీద వెంటనే సమావేశం జరిగింది. ఎనిమిది బిళ్ళల ముందు మౌనంగా ఉండటం ఎవరి పని? నర్సమ్మ వల్ల కాదని అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. వెళ్లి లోవమ్మను అడిగారు. నువ్వైతే ఊరికే కూర్చుంటావు కదా, మాకూ కలిపి కూర్చో, నీ పెట్టెలు మేం చూస్తాం అన్నారు.

లోవమ్మ ఆలోచించింది. వాళ్లు ఎదురుచూశారు.

"కూకోడం నాకేం పని కాదు," అంది. "కానీ సెప్పేది మీ పిల్లలు కదా. ఆళ్ళు సెప్పినప్పుడు నేనుంటే ఏం లాబం?"

చేసేదేం లేక, ఇవాళ తొమ్మిదింటి నుంచి ఎవరి వాకిట్లో వాళ్లు, ఎవరి పిల్ల ముందు వాళ్లు కూర్చున్నారు. వీధి వీధంతా నిశ్శబ్దం. ఒకావిడ నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. ఒకావిడ కూర్చునే నిద్రపోయింది. బిళ్ళ దాన్ని రెండు నిరీక్షణలుగా వేసుకుంది.

నర్సమ్మ మాణిక్యం ముందు కూర్చుని, "నీకెలా ఉందే?" అని ఒక్కటి అడిగి, మూతి బిగించి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. ముఖం ఎర్రగా అయిపోయింది. మాణిక్యం లాంచీ వేళలు చెబుతూనే ఉంది. ఏడుంబావు, పదిన్నర, రెండు ఇరవై. మళ్లీ ఏడుంబావు. ఆగింది. తల్లి ముఖంలోకి వంగి చూసింది.

"కోపమా అమ్మా?"

ఎనిమిదేళ్లుగా ఈ పిల్ల ఎవరినీ ఏమీ అడగలేదని గట్టు మీద అందరూ చెప్పేవారు. బిళ్ళలో ఏమీ వెలగలేదు. అది పెద్దలవే లెక్కపెడుతుంది. కొత్త సర్క్యులర్లోనూ పిల్లలు అడిగేదానికి గడి లేదు. నా పుస్తకంలో రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు గీసి గడి చేశాను. అందులో 'ఒకటి' అని వేశాను.

తల ఎత్తి చూస్తే నర్సమ్మ ఇంకా జవాబు చెప్పలేదు. రోజుకు వంద వాక్యాలు చెప్పిన మనిషి, పెదవులు కదుపుతూ ఒక్క మాట కోసం వెతుక్కుంటోంది.

మాణిక్యం ఆమె ముందే నిలబడి ఉంది. ఎదురుచూస్తోంది.